నిన్న సాయంత్రం నుంచి

మా అమ్మ ఫోన్‌కి నెలలో నాలుగైదు సార్లు నా కోసం ఫోన్లు వచ్చేవి. చేసేవాళ్లెవరో నాకు తెలియదు. నేనెవరో వాళ్లకీ తెలియదు. అందరూ అడిగేది ఒక్కటే, పాప దొరికిందా అని.

"దొరికిందండీ. మీ నోటి చలవ," అనేదాన్ని.

అమ్మ అలాగే అనేది. ఆ రెండు మాటలూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అవతలివాళ్లు నన్ను పాప తల్లి అనుకునేవాళ్లు. నేనూ కాదనేదాన్ని కాదు. ఒకాయన "ఇకమీదట చెయ్యి వదలకమ్మా" అని మందలించాడు. అలాగేనండీ అన్నాను. ఇంకొకావిడ రైల్లోంచి చేసింది. చప్పుడుకి ఏమీ వినపడక మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి "హమ్మయ్య, ఇప్పుడిక అన్నం తింటాను" అంది. ఫోన్ పెట్టేశాక ఇవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ రోజుల్లో డైరీలో వేరే మాటలు పెద్దగా ఉండేవి కావు.

నేను తప్పిపోయింది నాకు ఏడేళ్లప్పుడు. పట్నం బస్టాండులో అమ్మ టికెట్ల వరసలో నిలబడింది. నేను ఒక పచ్చ సంచీ చూసి అమ్మదే అనుకుని దాని వెనకాలే నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కాను. సంచీ పట్టుకున్నావిడ అమ్మ కాదని తెలిసేసరికి బస్సు ఊరు దాటింది. కండక్టరుకి చెబితే సరిపోయేది. నాకు నోరు పెగల్లేదు. వెనక సీటు కిందకి దూరి ముడుచుకున్నాను, అక్కడే నిద్రపోయాను. మర్నాడు ఉదయం డిపోలో బస్సులు ఊడ్చే ఆవిడ, చీపురు నా కాలికి తగిలేసరికి, కెవ్వుమంది. అప్పటికి ఎనిమిది గంటలైంది.

ఆ ఉదయమే ఆరింటికి అమ్మ బస్టాండు బల్ల మీద కూర్చుని ఒక సందేశం రాసింది. నా ఫొటో పెట్టి, తనకి తెలిసిన గ్రూపులన్నిటికీ పంపింది. అది నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

"నిన్న సాయంత్రం నుంచి మా పాప కనిపించడం లేదు. ఏడేళ్లు. నీలం గౌను, తెల్ల చెప్పులు, ఎడమ మోకాలికి కట్టు ఉంటుంది. పేరు అడిగితే చెప్పదు, చాలా సిగ్గు. కనిపిస్తే ఏమీ అడగకండి. పక్కన కూర్చోండి చాలు, కాసేపటికి తనే చెయ్యి పట్టుకుంటుంది. తర్వాత ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి."

కింద అమ్మ నంబరు.

నేను దొరికాక అమ్మ అవే గ్రూపులకి దొరికిందని కూడా పంపింది. అది ఎవరికీ పట్టలేదు. మొదటిది మాత్రం చేతులు మారుతూ ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. ఏ ఊళ్లో తప్పిపోయానో అందులో లేదు. ఏ రోజు తప్పిపోయానో లేదు. అందుకని ఎవరు ఎప్పుడు చదివినా నేను వాళ్ల ఊళ్లోనే, నిన్న సాయంత్రమే తప్పిపోయినట్టుంటుంది. అమ్మ ఆరేళ్లపాటు ఓపిగ్గా అందరికీ జవాబు చెప్పింది. రెండేళ్ల క్రితం జబ్బు చేసి పోయింది. ఆ తర్వాత ఫోన్ నేను ఎత్తుతున్నాను.

నాన్న లైన్‌మాన్. గాలి వీచినా వాన పడినా ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారు, స్తంభాలెక్కడానికి వెళ్లిపోతాడు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువే. తిన్నావా, తిన్నాను, గొళ్లెం పెట్టుకో, పెట్టుకుంటాను. అమ్మ ఫోన్ వంటింటి కిటికీ గూట్లో ఉంటుంది, సిగ్నల్ అక్కడే దొరుకుతుంది కాబట్టి. దాన్ని చార్జింగు పెట్టేది నేను. రీచార్జి చేయించేది నాన్న. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

బడిలో నా పేరు మ్యూట్. తొమ్మిదో తరగతిలో ఎవరో పెట్టారు, పదో తరగతికి నాతో పాటే పాసై వచ్చింది. టీవీ రిమోటు మీద ఉండే బొమ్మ, స్పీకరు మీద అడ్డగీత, ఒకసారి నా డెస్కు మీద చెక్కి ఉంది. చూసి నాకే నవ్వొచ్చింది, బాగానే కుదిరింది. నాది ఆఖరి బెంచీ. పక్కన ఎవరూ ఉండరు. నా సంచీ ఉంటుంది.

ఈ ఏడు మాకు శుక్రవారం చివరి పీరియడ్ కొత్తగా వచ్చింది. టైంటేబుల్లో "సమాచారం" అని రాశారు. చెప్పేది లైబ్రరీ మేడం. వార్తలు, ఫొటోలు, ఫోన్లో వచ్చేవి, ఏది నమ్మాలి, ఎలా తేల్చుకోవాలి అన్నదే పాఠం. పుస్తకం లేదు, పరీక్ష లేదు. పరీక్ష లేని సబ్జెక్టు కాబట్టి మొదట్లో ఎవరూ లెక్క చెయ్యలేదు. మొదటి శుక్రవారం మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద "రేపు బడికి సెలవు" అని ఒక కాగితం కనిపించింది. బడంతా గోల. చివరి పీరియడ్లో మేడం ఆ కాగితం చేత్తో పట్టుకుని వచ్చి, దీని మీద సంతకం ఎవరిది అని అడిగారు. సంతకమే లేదు. అంటించింది ఆవిడే. అందరికంటే ఎక్కువ బాధపడింది మా డ్రిల్లు మాస్టారు. ఆయన అప్పటికే వాళ్లావిడకి ఫోన్ చేసి సాయంత్రం బస్సుకి వచ్చేస్తున్నానని చెప్పేశారట.

లైబ్రరీ గదిలో కిటికీ నుంచి పుస్తకాల బీరువా దాకా మేడం ఒక తాడు కట్టారు. బట్టలారేసే క్లిప్పులు పెట్టారు. వారానికొకరు ఇంట్లోవాళ్ల ఫోన్లకి వచ్చిన ఏదో ఒక సందేశం కాగితం మీద రాసుకుని తేవాలి. దాన్ని తాడుకి ఈ కొసన తగిలిస్తాం. నీకు ఎవరు పంపారు, వాళ్లకి ఎవరు పంపారు అని ఒక్కో చేతినీ అడుగుతూ, ఒక్కో కాగితం తగిలిస్తూ వెనక్కి వెళ్తాం. ఆ మొదటి కొస దొరికేదాకా వెళ్లాలి. దొరికాక మూడు అట్టముక్కల్లో ఒకటి పెట్టాలి: నిజం, అబద్ధం, ఇంకా తెలియదు. తేలిన సంగతిని మళ్లీ అదే తాడు వెంట, ఏ చేతి నుంచి వచ్చిందో ఆ చేతికే తిప్పి పంపాలి. నెలాఖరికి అన్నిట్లోకీ మంచిది ఒకటి ఎంచి గోడపత్రిక చేస్తాం. అది ఆఫీసు గది పక్కన పెడతారు, తల్లిదండ్రులు వచ్చినప్పుడు చదువుతారు.

దీన్ని పిల్లలు తాడు పీరియడ్ అనేవాళ్లు. నెల తిరక్కుండా బడి మొత్తంలో అందరూ ఎదురుచూసే పీరియడ్ అదే అయింది. నేనూ చూసేదాన్ని. మాట్లాడకపోయినా నడిచిపోయే పీరియడ్ అది. కాగితాలు రాసిపెట్టేదాన్ని, క్లిప్పులు తగిలించేదాన్ని.

ఆ వారం వంతు మేం రేడియో అని పిలిచే అమ్మాయిది. అలా పిలవడం ఎందుకో చెప్పక్కర్లేదు, లెక్కల పీరియడ్లో కూడా ఆగదు. వాళ్ల మేనత్త గ్రూపులో వచ్చిందని ఒక కాగితం తెచ్చి తగిలించింది. ఫొటో కూడా ప్రింటు తీయించింది. నేను క్లిప్పు ఇవ్వబోతూ తలెత్తాను. నీలం గౌను. తెల్ల చెప్పులు. మోకాలికి కట్టు.

క్లిప్పు కింద పడింది. వంగి తీసుకుని, వంగినదాన్ని వంగినట్టే నా బెంచీకి వచ్చేశాను. ఎవరూ నా వంక చూడలేదు. ఎనిమిదేళ్లలో నా మొహం ఆ మొహంలా లేదు. ఉన్నా, నా వంక చూసేవాళ్లు తక్కువే.

మేడం దాన్ని రెండుసార్లు పైకి చదివించారు. అమ్మ మాటలు రేడియో గొంతులో గబగబా దొర్లాయి.

"ఏం కనిపిస్తోంది?" అన్నారు మేడం.

"పాప కనిపించట్లేదు మేడం," అన్నారెవరో. అందరూ నవ్వారు.

"నిన్న సాయంత్రం అన్నారు. ఏ నిన్న?"

తేదీ లేదని ఒకరు, ఊరు లేదని ఒకరు అన్నారు. లీడరు లేచాడు. మా క్లాసు లీడరు అతనే. క్విజ్ పోటీల్లో గంట మొదట కొట్టేదీ అతనే, ప్రశ్న పూర్తవక ముందే కొడతాడు.

"మేడం, ఇది దొంగ సందేశం. జాలి పుట్టించి ఫోన్ చేయిస్తారు, నంబర్లు దోస్తారు. ఆవిడెవరో గానీ బాగానే నటించింది. ఏమీ అడగొద్దట, పక్కన కూర్చుంటే చాలట. కన్నతల్లి ఎవరైనా అలా రాస్తుందా? పోలీసులకి అప్పగించండి అని రాస్తుంది గానీ."

"మా అమ్మయితే నేను దొరికినా రెండ్రోజులు మీ దగ్గరే ఉంచుకోండి అని రాస్తుంది," అంది రేడియో.

మళ్లీ నవ్వులు. నేను డెస్కు మీది అడ్డగీతని వేలితో రుద్దుతూ కూర్చున్నాను. అమ్మ అలా ఎందుకు రాసిందో నాకు తెలుసు. ఎవరైనా గట్టిగా పేరడిగితే నేను బిగుసుకుపోతాను. అరిచి అడిగితే పారిపోతాను. పక్కన ఊరికే కూర్చుంటే మాత్రం నా చెయ్యి దానంతటదే వెళ్తుంది. ప్రపంచంలో అది తెలిసింది ఆవిడ ఒక్కతికే.

రాసినావిడని అడక్కుండా ఏ అట్టా పెట్టకూడదని మేడం "ఇంకా తెలియదు" పెట్టించారు. తాడు వెనక్కి లాగే పని ఇద్దరికి, వచ్చే శుక్రవారం క్లాసులోనే ఆ నంబరుకి ఫోన్ చేసే పని లీడరుకి అప్పజెప్పారు. ఏమేం అడగాలో ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకురమ్మన్నారు.

ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. చెబితే తాడు వెంట సంగతి వెనక్కి పోతుంది. రేడియో మేనత్తకి, ఆవిడకి పంపినవాళ్లకి, వాళ్లకి పంపినవాళ్లకి. ఇది పాతదని అందరికీ తెలిసిపోతుంది. ఇక ఎవరూ పాప దొరికిందా అని అడగరు. కిటికీ గూట్లో ఫోన్ ఊరికే పడి ఉంటుంది. అమ్మ రాసినవాటిలో లోకంలో ఇంకా తిరుగుతున్నది అదొక్కటే. చెప్పకపోతే లీడరు చెప్పినట్టే ఉండిపోతుంది.

నేను రెండూ చెయ్యలేదు. శుక్రవారం ఉదయం బడికి వెళ్తూ అమ్మ ఫోన్ ఆపేశాను.

మేడం తన ఫోన్‌ని బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కారు. లీడరు నంబరు కొట్టాడు. మీరు చేసిన నంబరు స్విచాఫ్ చేయబడి ఉంది అని ఒక ఆడగొంతు చాలా మర్యాదగా చెప్పింది.

"చూశారా మేడం," అన్నాడు లీడరు. అబద్ధం అట్టముక్క అప్పటికే చేతిలో పట్టుకున్నాడు.

"ఫోన్ ఎత్తకపోతే అబద్ధమని ఎవరు చెప్పారు?" అన్నారు మేడం. చేతులెత్తి తేల్చుకుందామని కొందరన్నారు. చేతులు లెక్కపెడితే నిజం తేలదు, వచ్చే వారం ఇంకోసారి చేద్దాం అన్నారావిడ. కానీ క్లాసు మనసులో అప్పటికే తేలిపోయింది. బయటికి వస్తుంటే వరండాలో లీడరూ ఇంకో ఇద్దరూ గోడపత్రిక అట్ట నేల మీద పరిచి శీర్షిక రాస్తున్నారు. ఎర్ర రంగు ఇంకా తడిగా ఉంది. "ఒక మోసగత్తె సందేశం."

దాని మధ్యలో నా ఫొటోకి చోటు వదిలారు.

ఇంటికొచ్చి ఫోన్ ఆన్ చేశాను. నాన్న ఇంకా రాలేదు. వంటింట్లో గట్టు మీద కూర్చున్నాను. మోసగత్తె అన్న ఆ మాట ఎన్నిసార్లు చెరిపేద్దామన్నా కళ్ల ముందే ఉంది. నా వల్లే కదా అనిపించింది. ఫోన్ ఎత్తి ఉంటే ఆ మాట పడేది కాదు. అయినా సోమవారం లీడరుతో చెబుదామనుకుని సోమవారం మొహం చాటేశాను. మంగళవారం మేడం దగ్గరికి వెళ్లి, పుస్తకం మార్చుకుని వచ్చేశాను.

బుధవారం సాయంత్రం బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, కంగారు పడకండి. మీ పాప మా దగ్గర భద్రంగా ఉంది," అన్నాడు ఒకాయన.

"ఏ పాపండీ?"

ఆయన ఏదో ఊరి బస్టాండులో విచారణ కౌంటరులో పని చేస్తాడట. నీలం గౌను పిల్ల ఒకతి ప్లాట్‌ఫారం మీద తిరుగుతూ కనిపించిందట. మోకాలికి కట్టు కూడా ఉందట. పేరడిగితే చెప్పట్లేదట. ఆయనకి వచ్చిన సందేశంతో ఫొటో రాలేదట. "మీరు రాసినట్టే పక్కన కూర్చోబెట్టుకున్నామమ్మా. ఇక్కడెవరో ఒకావిడొచ్చి నా కూతురే అని నానా గొడవ చేస్తోంది. మేం ఇవ్వలేదు. గేటు వేసేశాం."

వెనకనుంచి ఒక ఆడమనిషి ఏడుపు వినిపిస్తోంది. ఇనుప గేటుని అరచేత్తో బాదుతున్న చప్పుడు. నా బిడ్డని నాకివ్వండి అంటోంది, అంటూనే ఉంది.

"ఆ పాప మా పాప కాదండీ," అన్నాను. "మా పాప దొరికింది. ఎప్పుడో దొరికింది. ఆవిడ బిడ్డని ఆవిడకి ఇచ్చెయ్యండి."

"చూడకుండా ఎలా చెప్తారు?" ఆయన గొంతు మారింది. "ఇంతకీ మీరెవరు? తల్లేనా? చిన్నపిల్ల గొంతులా ఉందే."

గేటు చప్పుడు ఆగడం లేదు.

"నేనే ఆ పాపని," అన్నాను. "ఇప్పుడు నాకు పదిహేనేళ్లు. అది ఎనిమిదేళ్ల కిందట రాసింది. మా అమ్మ తేదీ వెయ్యలేదు."

ఆయన ఫోన్ పక్కకి పెట్టి ఎవరితోనో అనడం వినిపించింది. "గేటు తియ్యండయ్యా. ఆవిడ బిడ్డే. తియ్యండి." గొళ్లెం తీసిన శబ్దం, ఆ వెంటనే ఏడుపు ఇంకా పెద్దదై, కాసేపటికి దూరమైంది. ఆయన మళ్లీ ఫోన్ తీసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు అలసటగా, పెట్టేశాడు.

ఆ రోజు డైరీ తీశాను గానీ రాయలేకపోయాను. వెనక పేజీలు తిప్పాను. రెండేళ్లుగా ఫోన్ చేసినవాళ్లంతా ఉన్నారు. అందరికీ దొరికిందని చెప్పాను. మీకు పంపినవాళ్లకి కూడా ఈ సంగతి చెప్పండి అని ఒక్కరికంటే ఒక్కరికి చెప్పలేదు. మర్చిపోయి కాదు.

శుక్రవారం అమ్మ ఫోన్‌ని సంచీలో వేసుకుని బడికి వెళ్లాను. బడికి ఫోన్ తేకూడదు. అది నేను చేసిన మొదటి తప్పు పని కాబోలు, దారి పొడవునా సంచీ మీద చెయ్యి తియ్యలేదు.

లేచి నిలబడి చెబుదామని రెండు రాత్రులు మాటలు కూర్చుకున్నాను. చివరి పీరియడ్ వచ్చేసరికి ఒక్క మాట మిగల్లేదు. లీడరు ప్రశ్నల కాగితం పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు. మేడం ఫోన్ మీద నంబరు కొట్టాడు. స్పీకరులో రింగు మొదలైంది.

ఆఖరి బెంచీలో నా సంచీ మోగింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఎవర్రా ఫోన్ తెచ్చింది అని లీడరు విసుక్కున్నాడు. తర్వాత ఒక్కొక్క తలా వెనక్కి తిరిగింది. నేను ఫోన్ తీశాను. రెండు చేతుల్తో పట్టుకున్నాను. వాళ్లందరి వంకా చూసి మాట్లాడడం నా వల్ల కాదు. కానీ ఫోన్లో అయితే నాకు అలవాటే. గోడవైపు తిరిగి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"హలో," అన్నాను. నా గొంతు ముందున్న బల్ల మీంచి వినిపించింది.

లీడరు మేడం వంక చూశాడు. మేడం నా వైపు చూడలేదు. అడుగు అన్నట్టు కాగితం చూపించారు. అతను ఆ కాగితమే నమ్ముకుని చదవడం మొదలుపెట్టాడు.

"అండీ... ఈ నంబరు ఎవరిదండీ?"

"మా అమ్మది."

"సందేశంలో పాప..."

"నేనే."

లీడరు తర్వాతి ప్రశ్నకి తడుముకున్నాడు. ఎప్పుడు జరిగిందని అడిగాడు. తేదీ చెప్పాను. ఊరు చెప్పాను. ఈ సందేశం ఎంతసేపు నిజమని అడిగాడు, అది మేడం రాయించిన ప్రశ్న.

"రెండు గంటలు. ఆరింటికి రాసింది. ఎనిమిదింటికి దొరికాను."

"మీ అమ్మగారితో మాట్లాడొచ్చా అండీ?"

"లేదు. రెండేళ్లయింది."

అతని చేతిలో కాగితం కొద్దిగా కిందికి దిగింది. అయినా ఇంకా ప్రశ్నలున్నాయి, అడిగాడు. "ఫోన్ చేసినవాళ్లకి ఇది ఇంకెవరికీ పంపొద్దని చెప్పారా?"

"చెప్పలేదు."

"ఎందుకు?"

గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోట ఒక చీమ పోతోంది. అది కిటికీ దాకా వెళ్లేవరకూ చూశాను.

"చెబితే ఫోన్లు రావు," అన్నాను. "మా ఇంటికి ఇంకెవరూ చెయ్యరు."

మేడం వచ్చి లీడరు చేతిలో కాగితం తీసుకున్నారు. "చాలు, పెట్టెయ్యి," అన్నారు, ఎవరితో అన్నారో తెలియలేదు. మేమిద్దరం ఒకేసారి పెట్టేశాం.

బుధవారం సంగతి నేను చెప్పలేకపోయాను. డైరీ లేదు కాబట్టి నోట్సులో ఒక పేజీ రాసి మేడంకి ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివారు. చదివి కుర్చీలో కూర్చున్నారు. కాసేపయ్యాక తాడు దగ్గరికి వెళ్లి మూడు అట్టలూ చూశారు. ఏదీ సరిపోలేదు. బీరువాలోంచి ఒక పాత అట్టపెట్టె తీసి కత్తెరతో నాలుగో ముక్క కత్తిరించారు. దాని మీద "ఒకప్పుడు నిజం" అని రాసి, పక్కన తేదీ నన్నే వెయ్యమన్నారు. అమ్మ వెయ్యని తేదీ ఎనిమిదేళ్ల తర్వాత నేను వేశాను.

తాడు వెంట తిప్పి పంపే సంగతిని ఇది పాతది, నమ్మకండి అని రాస్తే చాలని కొందరన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. కాగితం అడిగి తీసుకుని నేనే రాశాను. "ఈ పాప మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బస్ డిపోలో దొరికింది. ఇప్పుడు పదో తరగతి. అడిగిన అందరికీ దండాలు. మీకు ఇది ఎవరు పంపారో ముందు వాళ్లకి ఈ సంగతి పంపండి." పైన తేదీ, ఊరు. కింద అమ్మ రాసింది ఒక్క అక్షరం మార్చకుండా ఉంచాను. రేడియో దాన్ని మేనత్త నంబరుకి పంపింది. ఆవిడ తనకి పంపినవాళ్లకి. అలా వెళ్లింది.

బయటికి వస్తుంటే లీడరు వరండాలో నా కోసం నిలబడి ఉన్నాడు. నన్ను ఏమని పిలవాలో తెలియలేదు అతనికి. మ్యూట్ అనలేకపోయాడు. "ఆ అట్ట చించేశాను," అని మాత్రం అని, గబగబా వెళ్లిపోయాడు. చేతికి ఎర్ర రంగు ఇంకా వదల్లేదు.

మొదటి వారం ఫోన్లు ఎక్కువయ్యాయి. దొరికిందని ఇప్పుడే తెలిసింది, సంతోషం అని చెప్పడానికి చేశారు కొందరు. పదో తరగతా, బాగా చదువుకో అన్నాడొకాయన. అందరికీ, పంపినవాళ్లకి కూడా చెప్పండి అని చెప్పాను. రెండో వారం రెండు వచ్చాయి. మూడో వారం ఒకటి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాన్న నడుముకి కట్టుకునే తోలు పట్టా విప్పి మేకుకి తగిలిస్తూ, మా లైన్‌మాన్ల గ్రూపులో వచ్చింది అన్నాడు. ఆయన చాలాసేపు పీట మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పాడు.

"అమ్మ రాయడం తప్పేనా?" అన్నాడు.

"తప్పు కాదు నాన్నా. తేదీ లేదు, అంతే."

"ఆ రోజు ఏ తేదీయో మా ఇద్దరికీ తెలియలేదమ్మా," అన్నాడు. బూట్లు గుమ్మం పక్కన సర్ది పెట్టి, "తిన్నావా?" అని అడిగాడు. తిన్నానన్నాను. ఆ నెల కూడా ఫోన్‌కి రీచార్జి చేయించాడు.

ఫోన్ మోగి ఇప్పటికి పంతొమ్మిది రోజులైంది. అప్పుడప్పుడు పాడైందేమోనని తీసి చూస్తాను. బాగానే ఉంటుంది. చార్జింగు నిండుగా ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం విరామంలో అందరూ బయటికి వెళ్లారు. నేను డబ్బా తెరిచి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. రేడియో తన డబ్బా పట్టుకుని వచ్చింది. బెంచీ మీదున్న నా సంచీ వంక చూసింది. దాన్ని కొంచెం జరిపి ఆ చివర కూర్చుంది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. ఆ సందేశాన్ని తాడు కోసం పది కాగితాల మీద ఎక్కించింది తనే, తనకీ నోటికి వచ్చే ఉంటుంది.

ఏమీ అడగలేదు. అది తనకి ఎంత కష్టమో నేను చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు నోరు తెరిచి మూసేసింది. ఒకసారి తనకి పొలమారుతుంటే నా నీళ్ల సీసా ఇచ్చాను, తాగి ఇచ్చేసింది. విరామం అయ్యేదాకా అలాగే కూర్చుంది. గంట కొట్టగానే బయటికి పరిగెత్తింది, వరండాలో తన గొంతు ఆగకుండా మోగడం నా బెంచీ దాకా వినిపించింది.

నా చెయ్యి ఎక్కడికీ వెళ్లలేదు. అమ్మ కాసేపటికి అని రాసింది గానీ, ఎంతసేపటికో రాయలేదు.

ఈ రోజు వెళ్లగానే సంచీని బెంచీ మీద కాకుండా కింద పెట్టాను.